పులిరాళ్ల గుట్ట: మొదట ఎక్కింది ఎవరు?

చాటింపు వేయకముందే పులిరాళ్ల గుట్ట తూర్పు వాలు మీద సీతాఫలాలన్నీ ఎవరో దోచుకుపోయారని శివమ్మ శుక్రవారం నాడు కళ్ళారా చూసింది. పోయిన వారం కథ అక్కడ ఆగింది. విరిగిన కొమ్మల మధ్య కాసేపు నిలబడి, ఎవరినీ తిట్టకుండా గుట్ట దిగి, "ఆదివారం పొద్దుగాల అందరు బడి కాడికి రాండ్రి" అని ముప్పై ఎనిమిది ఇళ్ళకూ తనే తిరిగి చెప్పింది. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆమెకు రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వనిది అదే.

ఆదివారం ఏడింటికల్లా బడి వరండా నిండింది. ఆడవాళ్ళు మెట్ల మీద, మగవాళ్ళు గోడ వెంట కూర్చున్నారు. కొందరు గేటు దాటి లోపలికి రాకుండా రోడ్డు మీదే నిలబడ్డారు.

పాల్మాకుల దగ్గర బెంగుళూరు రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి వస్తే ఆ ఊరు. ఊరు దాటితే గుట్ట. గుట్ట దాటితే దారి లేదు. పొలాల్లో సగం ప్లాట్లయిపోయాయి. కొన్ని ఇళ్ళకు పెరటి జాగా తప్ప ఏమీ మిగల్లేదు. కానీ గుట్ట మీద సీతాఫలం చెట్లు ఎవరూ నాటినవి కావు, ఎవరి పేరు మీదా లేవు. ఏటా బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య చుట్టుపక్కల శివమ్మ ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని గుట్ట ఎక్కుతుంది. కాయ మీది గళ్ళ మధ్య సందులు తెల్లబడి విచ్చుకుంటే కండ్లు తెరిచింది అంటారు. నాలుగు దిక్కులా కండ్లు తెరిచిన కాయ కనిపించాక ఊళ్ళో చాటింపు. అప్పటిదాకా ఎవరూ ఎక్కరు. ఆ తర్వాత ఇంటికొక మనిషి, మనిషికొక గంప. సంచి తేకూడదు, కొమ్మ విరవకూడదు, చిటారు కాయలు పిట్టలకు వదలాలి. బాలింతలున్న ఇంటికి, కాళ్ళు కదలని ముసలివాళ్ళకు పక్కింటి వాళ్ళు కోసి తెచ్చి ఇవ్వాలి. ఈ పని శివమ్మ మామ చేసేవాడు, ఆయన తర్వాత ఆమె భర్త చేశాడు, ఇప్పుడు ఏడేళ్ళుగా ఆమె చేస్తోంది. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. కొడుకు వీరేందర్ ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. ఆ ఉదయం కూడా డ్యూటీలోనే ఉన్నాడు.

శివమ్మ వరండా అంచున నిలబడింది.

"నేను దొంగను పట్టనీకి పిలువలేదు," అంది. "తూర్పు దిక్కు చెట్లు చూసిన. కొమ్మలు ఇరిగినయ్. పిందెలు గూడ లేవు. ఎవలు కోసిన్రో వాళ్ళ నోటితోనే ఇనాలె. గంతే."

ఒక విమానం చాలా తక్కువ ఎత్తులో ఊరి మీదుగా దిగిపోయింది. ఆ చప్పుడు పోయేదాకా అందరూ అలవాటు కొద్దీ ఆగారు. 

గేటు దగ్గర మోటారుసైకిల్ మీద ఒక కాలు నేలకు ఆనించి కూర్చున్న గోవర్ధన్ గొంతు సవరించుకున్నాడు. శివమ్మకు వరసకు మరిది కొడుకు. ముప్పై అయిదేళ్ళుంటాయి. సొంత ట్రాలీ ఆటో ఉంది. ఈ ఏడు సీతాఫలాలు కొని ఎవరో పెద్ద బేరగాడికి అందిస్తున్నాడని, అవి విమానంలో దూరదేశాలకు పోతున్నాయని ఊళ్ళో అందరికీ తెలుసు.

"పెద్దమ్మా, ఊరంత అడుగుడెందుకు? ముందుగాల నీ ఇంట్ల అడుగరాదు?" అన్నాడు.

శివమ్మ మెడ తిప్పలేదు. కానీ మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళ చూపులు ఎటు పోయాయో ఆమెకు అర్థమైంది. ఆ గుంపులోంచి ఆమె కోడలు పూర్ణిమ లేచింది. కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ముందుకు వచ్చింది.

"నేను కోసిన అత్తా."

"ఎప్పుడు?"

"మంగళవారం, బుధవారం, గురువారం. నువ్వు పాలకేంద్రానికి పొయ్యొచ్చే లోపట. గోవర్ధన్ బావకే ఇచ్చిన."

 అయిదేళ్ళుగా ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు. శుక్రవారం తాను గుట్ట దిగి వచ్చి వాకిట్లో కూలబడ్డప్పుడు నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చింది ఈ పిల్లే.

"ఎందుకు బిడ్డా?" అని మాత్రం అడగగలిగింది.

"ఎందుకంటవా అత్తా!" పూర్ణిమ గొంతు ఒక్కసారి పైకి లేచింది. "పోయినైతారం కంటె ముందుగాల, ఆ శుక్రవారం కెళ్లి, రోజు ఏడు గొట్టంగ ట్రాలీ నిండ కాయ మన ఇంటి ముందటికెళ్లే పోయింది. నువ్వు అయిదింటికే పాలు తీస్కొని పోతవ్, నీకు కనబడలే. ఎవలో కోస్తున్నరు, మనం చాటింపు చాటింపు అనుకుంట కూసుంటె మనకు ఆకులే మిగుల్తయనుకున్న. నాలుగు దినాలు ఆగిన. అయిదో దినం ఆగలేకపోయిన."

"నాకెందుకు చెప్పలే?"

"ఎవల పేరని చెప్పాలె? చూడకుండ ఎవల మీద ఏస్తం?"

తను కొడుతుందో, ఏడుస్తుందో అని ఊరంతా ఎదురుచూస్తోందని శివమ్మకు తెలుసు. ఆమె రెండూ చేయలేదు. కోడలు అన్న మాటలో ఏదో ఒకటి కాలికి ముల్లులా గుచ్చుకుంది. ఏమిటా అని ఆలోచిస్తూ నిలబడింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మంగళవారం నువ్వు ఎక్కినప్పుడు తూర్పు దిక్కు చెట్లెట్లున్నయ్? ఎవలన్న కోసినట్టుండెనా?"

పూర్ణిమ కనుబొమలు ముడిపడ్డాయి. "లేదు. నిండుగనే ఉండె."

"మరి నాలుగు దినాలు ట్రాలీల పోయిన కాయ ఏ చెట్టుది?"

"పడమటి దిక్కు కోసిన్రేమో అనుకున్న."

"పడమటి దిక్కే గాదు, తక్కిన దిక్కులన్ని నేను చూసిన బిడ్డా. ఒక్క కాయ ముట్టలే. ఇప్పటికీ ముట్టలే."

మెట్ల మీద గుసగుస మొదలైంది. శివమ్మ జనం వైపు తిరిగింది.

"ఇగ సిగ్గు పడేదేం లేదు. నా కోడలే చెప్పింది. ఇంకెవలు పోయిన్రో, ఏ దినం పోయిన్రో చెప్పుర్రి. ఏం చూసి పోయిన్రో అది గూడ చెప్పుర్రి."

గోడ దగ్గర బిక్షం చేయి లేపాడు. ఆయన శివమ్మ భర్తతో కలిసి గొర్రెలు కాసిన మనిషి. తలెత్తలేకపోతున్నాడు. "నేను బుధవారం పోయిన వదినె. నేను గూడ ఆ ట్రాలీనే చూసిన."

"నేను పూర్ణిమక్క గంపతోటి దిగుడు చూసిన," అన్నాడు లక్ష్మణ్. "ఆళ్ళింటోళ్ళే ఎక్కినంక మనదేముందని నేను బుధవారం మాపటీలి పోయిన."

"నేను లక్ష్మణ్‌ను చూసిన," అన్నాడు కుర్మయ్య.

తర్వాత ఒకరి వెనక ఒకరు చెప్పారు. కొందరు చెప్పలేక చేయి మాత్రం ఎత్తారు. ఊళ్ళో అందరికన్నా పెద్దవాడు సత్తయ్య ఒక్కొక్క ఇంటి పేరూ పైకి అనుకుంటూ వేళ్ళు మడిచాడు. ఇరవై మూడు ఇళ్ళు తేలాయి. అందరూ మంగళవారం పూర్ణిమ ఎక్కిన తర్వాతే. మంగళవారం కన్నా ముందు ఎక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. ప్రతివాళ్ళూ తమకంటే ముందు ఇంకెవరో ఎక్కారనే ఎక్కారు.

పూర్ణిమ ముఖం పాలిపోయింది. "అంటే... నాకంటె ముందుగాల ఎవలు పోలేదా?"

 ఆ పిల్ల అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

శివమ్మ గేటు వైపు చూసింది. "గోవర్ధన్, నీ ట్రాలీల పోయిన కాయ యాడిది?"

"మస్తు మంది తెచ్చిస్తరు పెద్దమ్మా. యాడిదని నాకేమెర్క?" అని అతను బండి తాళం తిప్పాడు.

సరిగ్గా అప్పుడే గేటు ముందు ఒక తెల్లకారు ఆగడంతో అతనికి దారి లేకపోయింది. కారులోంచి ఇరవై ఎనిమిదేళ్ళ యువకుడు దిగాడు. చేతుల్లో ప్లాస్టిక్ ట్రే. అతని పేరు రవితేజ. తల్లిదండ్రులు తణుకు నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. ఉద్యోగం మానేసి పండ్ల ఎగుమతి మొదలుపెట్టి రెండేళ్ళయింది. గోవర్ధన్ సరుకు అందిస్తున్నది ఇతనికే.

"గోవర్ధన్ గారూ, రెండు రోజుల నుంచి ఫోన్ ఎత్తరేంటండీ?" అంటూ వచ్చి, అంతమంది జనాన్ని చూసి తడబడ్డాడు. "క్షమించండి. మీటింగ్ జరుగుతోందా?"

"మా ముచ్చటే నడుస్తున్నది. రా నాయనా," అంది శివమ్మ. "ఏంది ఆ డబ్బల?"

అతను ట్రే వరండా మీద పెట్టాడు. అందులో సీతాఫలాలు బొగ్గుల్లా నల్లబడి ఉన్నాయి. శివమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని నొక్కింది. రాయిలా ఉంది.

"కార్గోకి పంపాల్సిన సరుకమ్మా ఇది. ఒక్కటంటే ఒక్కటి పండలేదు. చెట్లకేమైనా తెగులు పట్టిందేమో చూద్దామని నేనే వచ్చాను."

"తెగులు లేదు, ఏం లేదు. కండ్లు తెరువకముందు కోస్తె గిట్లనే అయితది. గడ్డిల పెట్టినా, బియ్యంల పెట్టినా మాగది."

"కానీ మొదట్లో వచ్చిన కాయ చాలా బాగుందండీ. శుక్రవారం నుంచి సోమవారం దాకా వచ్చింది చక్కగా పండింది. అది వికారాబాద్ వైపు నుంచి తెప్పించారు కదా. మంగళవారం నుంచే ఈ ఊరి కాయ మొదలైందని గోవర్ధన్ గారు చెప్పారు. ఈ తేడా అప్పటి నుంచే."

వరండా మీద తలలన్నీ అతని వైపు తిరిగాయి. రవితేజ తానేదో అనరాని మాట అన్నానేమోనని అందరి ముఖాలూ చూశాడు.

సత్తయ్య కర్ర ఊతంగా లేచాడు. ఆయన మాట మెల్లగా వస్తుంది.

"వికారాబాద్ కెళ్లి ఎయిర్‌పోర్ట్‌కు పొయ్యే బండికి మన ఊరి నడుమకెళ్లి దారేంది? మన ఊరు దాటితె గుట్ట. గుట్ట దాటితె దారే లేదు."

కుర్మయ్య గేటు వైపు రెండడుగులు వేశాడు. లక్ష్మణ్ అతని వెంట కదిలాడు. శివమ్మ చేయి ఎత్తి ఇద్దరినీ ఆపింది.

గోవర్ధన్ బండి దిగాడు. పారిపోయే మనిషి కాడు అతను. "ఏంది అందరు గట్ల చూస్తున్నరు? నేను ఎవల్నన్న కొయ్యమన్ననా? ఒక్కలు చెప్పుర్రి. నా బండి, నా డీజిల్. కాయ కొనుక్కొని నా ఇంటి మీదికెళ్లి తోలుకపోయిన. దాంట్ల తప్పేంది? గుట్ట ఎక్కిన కాళ్ళు మీవి, కోసిన చేతులు మీవి. అసలు గుట్ట ఎవలిది? సర్కారుది. చాటింపు అయ్యేదాక ఎక్కొద్దని ఎవలు రాసిచ్చిన్రు? ఏ కాయితంల ఉన్నది చూపియ్యండ్రి."

 కుర్మయ్య ఆగిపోయాడు. చేతులెత్తిన ఇరవై మూడు ఇళ్ళ వాళ్ళూ నేల చూపులు చూశారు.

శివమ్మ చేతిలోని నల్లకాయను ట్రేలో పెట్టింది.

"నువ్వన్నది నిజమే గోవర్ధన్. కోసింది మేమే. మేం చూసి ఎగబడాలనే నువ్వు బండి ఊళ్ళె తిప్పినవ్, మేం ఎగబడ్డం. ఏ కాయితంల గూడ లేదు, ఒప్పుకుంట." ఆమె జనం వైపు తిరిగింది. "కాని నాకొక్కటి చెప్పుర్రి. ట్రాలీ పోతుంటె చూసిన్రు. పక్కింటికి పొయ్యి, 'ఏమే, నువ్వు కోసినవా' అని అడిగినోళ్ళు ఎవలన్న ఉన్నరా? ఇరవై మూడిండ్లల్ల ఒక్కలన్న?"

లేరు.

"అడిగితె ఎవలు కొయ్యలేదని గా దినమే తేలిపోతుండె. బండి తిప్పినోడు తిప్పుకుంట ఉంటుండె, మనం మన పనిల మనం ఉంటుంటిమి."

మెట్ల పక్క నుంచి ఒక స్త్రీ గట్టిగా అందుకుంది. బుచ్చమ్మ. నలభై ఏళ్ళ మనిషి. గుట్ట మొదట్లోనే ఇల్లు. ఆమె ఇల్లు చేయెత్తని పదిహేను ఇళ్ళలో ఒకటి.

"అడుగుడు సంగతి పక్కకు పెట్టు శివమ్మా. మేం గూడ చూసినం ట్రాలీని. నా కండ్ల ముందటికెళ్లే మీ పూర్ణిమ గంప ఎత్తుకొని దిగింది. నా బిడ్డ 'పోదాం అమ్మా' అని ఏడ్చింది. అయినా ఆగినం. ఆగినోళ్ళం పిచ్చోళ్ళమా? వాళ్ళు సంచులు నింపుకున్నరు, మాకేమొచ్చింది? మీ మామ ఉన్నప్పుడు కట్టుబాటు తప్పినోళ్ళకు ఆ ఏడు గుట్ట బందు. మరి ఇప్పుడు బందు పెడ్తవా, లేదా?"

"ఇరవై మూడిండ్లు బందు పెడితె ఊరు నిలువున చీలుతది," అన్నాడు సత్తయ్య.

"మరి మేం చీల్చినమా?" అంది బుచ్చమ్మ.

 బుచ్చమ్మ కోపం న్యాయమైనదేనని శివమ్మకు తెలుసు. ఇప్పుడు దాన్ని దాటేస్తే వచ్చే ఏడు ఆ పదిహేను ఇళ్ళూ ఆగవు. అందరినీ బందు పెడితే మాటను లెక్కచేసేవాళ్ళు ఉండరు, సంచులతో తెల్లవారుజామునే ఎక్కుతారు. ఆమె కొంగు నడుముకు బిగించుకుంది.

"ఇనండ్రి. చాటింపు అయినంక ముందుగాల మూడు దినాలు ఆగినోళ్ళే ఎక్కాలె. ఆ పదిహేనిండ్లు. వాళ్ళు మంచి కాయ కోసుకున్నంకనే మిగిలినోళ్ళు. నా ఇంటి గంప ఈ ఏడు గుట్ట ఎక్కది. అందరికంటె ముందుగాల ఎక్కింది నా ఇల్లే. దానికి మాఫీ లేదు."

పూర్ణిమ తలెత్తి చూసింది. ఈ ఏడు కాయ అమ్మి మోటారు కుట్టుమిషన్ కొనుక్కోవాలన్నది ఆ పిల్ల ఆశ. శివమ్మకు అది తెలుసు. తెలిసే అంది. పూర్ణిమ పెదవి కొరుక్కుని, "సరే అత్తా," అంది.

"ఇంకోటి. రేపటికెళ్లి చాటింపు అయ్యేదాక, గుట్ట దారి మొదట్ల దినానికి ఇద్దరు కూసోవాలె. కోసిన ఇంటికెళ్లి ఒకలు, కొయ్యని ఇంటికెళ్లి ఒకలు. దొంగలను పట్టనీకి కాదు. ఎవలు ఎక్కుతలేరని అందరికి ఎరుక కావాలె, గందుకు. పొద్దుగూకినంక ఆ ఇద్దరు వాడవాడ తిరుక్కుంట రావాలె. 'ఇయ్యాల గుట్ట ఎవలు ఎక్కలే' అని ఇంటింటి ముందట చెప్పాలె. ఎక్కితె, ఎక్కినోళ్ళ పేరు చెప్పాలె. ఇగ ఊహించుకునుడు బందు."

"గదైతె సరే," అన్నాడు సత్తయ్య. బిక్షం తలూపాడు. బుచ్చమ్మ సరే అనలేదు, కాదనీ అనలేదు.

రవితేజ ముందుకు వచ్చాడు. "అమ్మా, నాకు పండే కాయ కావాలి. కళ్ళు తెరిచాకే కోయండి. ఎన్ని రోజులైనా ఆగుతాను. మీ దగ్గరికే నేరుగా వస్తాను."

శివమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఆగుతవా?"

"ఆగకపోతే ఇదేగా నాకు మిగిలేది," అని అతను నల్లకాయల ట్రే చూపించాడు.

గోవర్ధన్ బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు. పోయే ముందు శివమ్మ వైపు ఒక చూపు చూశాడు. అందులో కోపం లేదు. అది ఆమెకు నచ్చలేదు.

సోమవారం కుర్మయ్య, కోయని ఇంటి నుంచి ఒక పెద్దామె దారి మొదట్లో కూర్చున్నారు. ఆమె మధ్యాహ్నం దాకా కుర్మయ్యతో పలకలేదు. సాయంత్రం ఇద్దరూ వాడలు తిరిగి చెబుతుంటే జనం తలుపుల్లోకి వచ్చి విన్నారు. మంగళవారం ప్లాట్ల వైపు నుంచి నాలుగు కుటుంబాలు కార్లలో వచ్చి, "రెండు కాయలు కోసుకుంటే ఏమవుతుంది?" అన్నాయి. బిక్షం ఓపికగా నల్లకాయ చూపించి తిప్పి పంపాడు. బుధవారం సాయంత్రానికి చెప్పేవాళ్ళ వెంట పిల్లలు చేరి, వాళ్ళే ముందు అరవసాగారు. ఇయ్యాల గుట్ట ఎవలు ఎక్కలే! మూడు రోజులూ అదే మాట. పాల గిన్నె కడుగుతూ విన్నప్పుడల్లా శివమ్మ గుండె కుదుటపడింది.

గురువారం వంతు పూర్ణిమది, బుచ్చమ్మది.

మధ్యాహ్నం శివమ్మ ఇద్దరికీ అన్నం కట్టుకుని వెళ్ళింది. దారికి అడ్డంగా పరిచిన గోనెపట్టా మీద ఆ ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు. మధ్యలో మూడో మనిషి కూర్చునేంత జాగా ఉంది. కానీ పూర్ణిమ తెచ్చిన నీళ్ళ సీసా బుచ్చమ్మ పక్కన ఉంది, సగం తాగి ఉంది. శివమ్మకు నవ్వొచ్చింది.

గిన్నె మూత తీస్తుండగా ట్రాలీ చప్పుడు వినిపించింది. గోవర్ధన్ దిగాడు. వెనక నుంచి ఎవరో కొత్తవాళ్ళు ఆరుగురు దిగారు. భుజాల మీద ఖాళీ సంచులు, చేతుల్లో కొక్కెం కర్రలు.

"ఏంది గోవర్ధన్?" అంది శివమ్మ.

"కాయితం యాడున్నదని మొన్న నేనే అడిగిన కద పెద్దమ్మా. మీ కాడ లేదు. నా కాడ ఉన్నది." అతను చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి పూర్ణిమకు ఇచ్చాడు. "నువ్వు ఇంటర్ చదివినవ్. సదువు."

పూర్ణిమ చదివింది. మొదట పైకి, తర్వాత గొంతు తగ్గిపోయింది. పులిరాళ్ల గుట్ట మీది పండ్లు అయిదేళ్ళ పాటు గోవర్ధన్ కోసుకోవడానికి ఊరివాళ్ళమైన తమకు ఎలాంటి అభ్యంతరమూ లేదు, తాము ఆ గుట్ట ఎక్కబోము అని ఉంది. కింద సంతకాలు, వేలిముద్రలు. ముప్పైకి పైగా. అన్నిటికన్నా పైన ఉన్న పేరు శివమ్మ.

"దొంగ సంతకం!" పూర్ణిమ లేచింది. "ఎవడో గీకిండు. అత్త గిట్లాంటి దానికి పెట్టదు."

"నాకు గూడ ఎరుక," అంది బుచ్చమ్మ. ఆదివారం తర్వాత ఆమె పూర్ణిమ పక్షాన అన్న మొదటి మాట అది. "శివమ్మ చచ్చినా పెట్టదు."

శివమ్మ కాగితం తీసుకుంది. 'శ' తోక పక్క అక్షరం దాకా పాకింది. మూడో అక్షరం దగ్గర పెన్ను నొక్కి చిన్న చుక్క పడింది. రాత్రిబడిలో నేర్చుకున్న నాటి నుంచి ఆమె అలాగే రాస్తుంది.

జూన్ నెలలో గోవర్ధన్ ఒక కాగితం పట్టుకుని వచ్చిన పొద్దు ఆమెకు గుర్తొచ్చింది. పాలకేంద్రం గట్టు. 'గుట్ట దారికి సిమెంటు రోడ్డు అడుగుతున్నం పెద్దమ్మా. నువ్వు ముందుగాల పెడితె అందరు పెడ్తరు.' ఆమె చేతిలో పాల క్యాన్ ఉంది. వెనక వరసలో జనం ఉన్నారు. ఆమె చదివించుకోలేదు. ఆమె పేరు చూసి మిగతా వాళ్ళెవరూ చదవమని అడగలేదు.

"చెప్పు పెద్దమ్మా," అన్నాడు గోవర్ధన్ మెత్తగా. "నీదేనా, కాదా?"

కాదంటే చాలు. పూర్ణిమ నమ్ముతుంది, బుచ్చమ్మ నమ్ముతుంది, సాయంత్రానికి ఊరంతా నమ్ముతుంది. ఈ కాగితానికి విలువ లేకుండా పోతుంది. ఆ ఒక్క మాట నోటి దాకా వచ్చింది కూడా. ఇరవై మూడు ఇళ్ళ వాళ్ళను తలవంచుకుని నిజం చెప్పమని నిలబెట్టి ఇంకా వారం కాలేదు.

"నాదే," అంది శివమ్మ.

పూర్ణిమ "అత్తా!" అని ఆగిపోయింది.

"సంతకం నాదే. రోడ్డు కోసమని చెప్పి పెట్టించినవ్, నేను చదివించుకోలే. రెండు ముచ్చట్లు గూడ ఊరందరి ముందట చెప్త. పూర్ణిమా, ఉరుకు. అందరిని ఇక్కడికే తోలుకరా. పనికి పోయినోళ్ళకు ఫోన్లు చెయ్యి."

పూర్ణిమ ఊరి వైపు పరుగెత్తింది.

బుచ్చమ్మ కూర్చున్న చోటు నుంచే అడిగింది. "మా ఇంటాయన పేరు గూడ ఉన్నదా శివమ్మా దాంట్ల?"

"ఉన్నది. నా పేరు కిందనే."

"నిన్ను చూసి పెట్టిండా?"

"నన్ను చూసే పెట్టిండు."

 బుచ్చమ్మ గోనెపట్టా మీద నుంచి లేచి, చీర దులుపుకుని, దారి పక్కకు వెళ్ళి నిలబడింది. ఆమె ముఖంలో ఏముందో శివమ్మకు కనబడలేదు.

"ఎక్కుర్రి," అన్నాడు గోవర్ధన్ తన మనుషులతో.

వాళ్ళు సంచులు సర్దుకుని కదిలారు. ముందున్నవాడు గోనెపట్టా అంచు మీద కాలు పెట్టాడు. శివమ్మ కాగితం గోవర్ధన్ చేతిలో తిరిగి పెట్టేసి, దారి మధ్యకు వచ్చి, వాళ్ళ ఆరుగురికీ ఎదురుగా ఒక్కతే నిలబడింది.